మోటారు ఆగితే మొక్కకు ఎన్ని గంటలు?

మట్టి లేకుండా ఎరువు నీళ్ళతో మొక్కలు పెంచే హైడ్రోపోనిక్స్‌కి ఆటోమేటిక్ నీళ్ళ ఏర్పాటు కొనబోయేవాళ్ళు మొదట చూసేది యాప్ ఉందా, వైఫై ఉందా, ఎన్ని మొక్కలు పడతాయి అని. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, కరెంటు పోయి డాబా మీద మోటారు ఆగింది. మీరేమో బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. ఇల్లు చేరేదాకా వేళ్ళకి తడి ఉంటుందా?

ఈ ప్రశ్న పెట్టుకుంటే సగం కిట్లు వాటంతట అవే పక్కకి పోతాయి.

పైపుల్లో ఎరువు నీళ్ళు పారించే ఎన్‌ఎఫ్‌టీ (న్యూట్రియంట్ ఫిల్మ్ టెక్నిక్) పద్ధతిలో వేళ్ళ కింద పారేది రెండు మూడు మిల్లీమీటర్ల పల్చటి నీటి పొర. ఎండాకాలంలో పంపు ఆగితే గంట, రెండు గంటల్లో పాలకూర తల వాల్చేస్తుంది. వేళ్ళమీద మంచులా చిమ్మే ఏరోపోనిక్స్ టవర్లకైతే అంత గడువు కూడా ఉండదు. ఇక్కడ ఎన్‌ఎఫ్‌టీ పేరుతో అమ్మే నాలుగంగుళాల గుండ్రటి పీవీసీ పైపుల్లో కొన్నిటికి చివర ఓవర్‌ఫ్లో గొట్టం కాస్త ఎత్తుగా పెట్టి, అడుగున రెండు మూడు సెంటీమీటర్ల నీళ్ళు ఎప్పుడూ నిలిచేలా చేస్తారు. పుస్తకం ప్రకారం అది ఎన్‌ఎఫ్‌టీ కాకపోవచ్చు గానీ, కరెంటు కోతలకి అదే మేలు. కొనేముందు ఆ చివరి మూత విప్పించి చూడండి. అసలైన ఎన్‌ఎఫ్‌టీయే కావాలంటే వాలు నలభైకి ఒకటి (మూడు మీటర్ల పైపుకి ఏడున్నర సెంటీమీటర్లు), ఒక్కో పైపుకి నిమిషానికి లీటరు నుంచి రెండు లీటర్ల పారుదల ఉండాలి. మోటారు రోజంతా తిరుగుతూనే ఉండాలి.

బక్కెట్టు నిండా ఎరువు నీళ్ళు పోసి, గాలి పంపుతో బుడగలు వదిలే డీడబ్ల్యూసీ (డీప్ వాటర్ కల్చర్) ఇంకాస్త ఓర్చుకుంటుంది. దాని శత్రువు వేడి. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీటిలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇందులో ఇంకో పదో వంతు కోత. విజయవాడ ఎండతో పోల్చుకుని మనది చల్లటి ఊరని ధీమాగా ఉంటాం గానీ, ఆ లాభంలో కొంత ఈ ఎత్తు తినేస్తుంది. డాబా మీద ఎండలో పెట్టిన నల్ల బక్కెట్లో నీళ్ళు మధ్యాహ్నానికి 30 దాటతాయి. వేళ్ళు గోధుమరంగుకి తిరిగి జిగురు పట్టడం అక్కడే మొదలవుతుంది. పైథియం అనే సూక్ష్మజీవి తెచ్చే వేరుకుళ్ళు అంటే అదే. నీడ ఉన్న బాల్కనీలో ఆకుకూరలకైతే డీడబ్ల్యూసీ ఫరవాలేదు. ఎండలో టమాటాకి మాత్రం వద్దు.

ట్రే నింపి ఖాళీ చేసే ఎబ్ అండ్ ఫ్లో గురించి ఒక్క మాట చాలు: అది ఇంట్లో లైట్ల కింద మొక్కలు పెంచే టెంటులో, సమతలమైన నేల మీద అందం. మన డాబాలకి వాన నీళ్ళు జారడానికి ఎలాగూ వాలు ఉంటుంది, ట్రే ఒక మూల నిండి ఇంకో మూల ఎండిపోతుంది.

మిగిలినవి రెండు. ఒకటి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) బక్కెట్లకి టైమరు మీద డ్రిప్. పది లీటర్ల బక్కెట్టులోని తడి కోకోపీట్ ఐదు లీటర్ల పైచిలుకు నీళ్ళు పట్టి ఉంచుతుంది. కాయ మీదున్న టమాటా మొక్క మంచి ఎండలో తాగేది రోజుకి రెండు లీటర్లు, కాస్త ఎక్కువ. అంటే మోటారు ఆగినా ఒక రోజు గడుస్తుంది. రెండోది ఫ్లోటు వాల్వు: పై ట్యాంకులోంచి కింద ట్రేలోకి నీళ్ళు గురుత్వంతోనే దిగుతాయి, ఫ్లోటు రెండు సెంటీమీటర్ల మట్టం నిలబెడుతుంది, కుండీలు అడుగునుంచి పీల్చుకుంటాయి. మోటారే లేదు, ఇక ఆగేదేముంది? దీనికి విదేశీ సరుకు అక్కర్లేదు, ఎయిర్ కూలర్‌లో వేసే చిన్న ఫ్లోటు వాల్వు సరిపోతుంది. పుదీనా, తోటకూర, పాలకూర, బచ్చలికి ఇంతకంటే ఖర్చు పెట్టడం దండగ. లోపాలు రెండున్నాయి. నీళ్ళు ఎప్పుడూ కిందనుంచి పైకే వెళ్తాయి కాబట్టి ఉప్పు పైపొరలో పేరుకుంటుంది, రెండు మూడు వారాలకోసారి పైనుంచి మామూలు నీళ్ళు ధారాళంగా పోసి కడగాలి. ఫ్లోటుకి పాచో సున్నమో పట్టి ఇరుక్కుంటే ట్యాంకు మొత్తం డాబా మీదికి పారుతుంది. నెలకోసారి వేలితో పైకీ కిందకీ ఆడించి చూడండి.

టమాటా, పచ్చిమిర్చి, వంగ, గోంగూర పెంచే ఇంటికి నా ఓటు కోకోపీట్ డ్రిప్‌కే. ఇక్కడినుంచి దాని గురించే.

ముందు నీళ్ళు, ఆ తర్వాతే సామాను

బెంగళూరులో ఒకే వీధిలో మూడు రకాల నీళ్ళుంటాయి: కావేరి, బోరు, ట్యాంకరు. కావేరి నీళ్ళు మెత్తన, అంటే లవణాలు తక్కువ. బోరు నీళ్ళ టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) చాలాచోట్ల 500 దాటుతుంది, వెయ్యి దాటేవీ ఉన్నాయి. ట్యాంకరుది ప్రతి లోడుకీ మారుతుంది కాబట్టి సంపులో పడ్డ ప్రతిసారీ కొలవాల్సిందే. మోటా లెక్క ఇది: 300 లోపైతే వాడిన నీటినే తిప్పి తిప్పి వాడే పద్ధతి నడుస్తుంది. 300 నుంచి 600 అయితే ఒకసారి మొక్కకిచ్చి మిగులు బయటికి వదిలేయాలి. ఆపైన ఆర్వో నీళ్ళో వాన నీళ్ళో కలపనిదే ఏ యంత్రమూ కాపాడదు. తిప్పి వాడేచోట మొక్క నీటిని తాగుతుంది, సోడియం, క్లోరైడు మాత్రం ట్యాంకులోనే పోగవుతాయి. మీటరు మీద ఈసీ (నీటిలో ఎన్ని లవణాలు కరిగాయో కరెంటు ప్రసారాన్ని బట్టి చెప్పే కొలత, మిల్లీసీమెన్స్‌లో) బాగానే కనిపిస్తుంది, మొక్క మాత్రం ఆకు అంచులు మాడ్చుకుంటుంది.

అపార్ట్‌మెంట్లలో ఒక ఉచ్చు ఉంది. చాలా సముదాయాల్లో బోరు నీళ్ళని సాఫ్ట్‌నర్ గుండా పంపుతారు. అది సున్నాన్ని తీసేసి దాని చోట సోడియం పెడుతుంది. గీజరుకి మంచిది, మొక్కకి చేటు. సాఫ్ట్‌నర్‌కి ముందున్న కుళాయి ఎక్కడుందో ప్లంబరుని అడిగి అక్కడినుంచే పట్టుకోండి.

నీటి ఎద్దడి మాట కూడా మరవొద్దు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకీ కారు కడగడానికీ వాడితే 5,000 రూపాయల జరిమానా అంది. డ్రిప్ బక్కెట్ల అడుగునుంచి వచ్చే మిగులు నీటిని ఒక టబ్బులోకి మళ్ళించి మట్టి కుండీల్లోని కరివేపాకుకీ మందారానికీ పోస్తే చుక్క వృథా కాదు. ఎరువు నీళ్ళు వాన గొట్టంలోకి వదలడం ఎలాగూ మంచి పని కాదు.

మోటారు, డ్రిప్పర్: ఇక్కడే ఎక్కువ డబ్బు పోతుంది

దుకాణంలో మంచి డ్రిప్పర్ కావాలంటే ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం (ఒత్తిడి మారినా ఒకే వేగంతో నీళ్ళు వదిలేది) ఇస్తారు. పొలంలో అది మంచిదే, అక్కడ మోటారు ఒత్తిడి ఒక బార్, ఆపైన ఉంటుంది. అక్వేరియం పంపు డబ్బా మీద గరిష్ఠ ఎత్తు 1.8 మీటర్లు అని ఉంటే, దాని ఒత్తిడి మొత్తం 0.18 బార్. ఆ డ్రిప్పర్ తెరుచుకోను కూడా తెరుచుకోదు. ‘మోటారు తిరుగుతోంది, నీళ్ళు రావడం లేదు’ అనే ఫిర్యాదుకి చాలాసార్లు మూలం ఇదే. మోటారు మార్చి లాభం లేదు. డ్రిప్పర్ తీసేసి 4 మిల్లీమీటర్ల సన్న గొట్టాలు నేరుగా పెట్టాలి, అన్నీ ఒకే పొడవు, సుమారు 60 సెంటీమీటర్లు. చివర బాణం ఆకారపు పుల్ల గుచ్చితే చాలు.

డబ్బా మీద రాసిన పారుదల సున్నా ఎత్తుకి లెక్క. గరిష్ఠ ఎత్తు దగ్గర పారుదల సున్నా. మీ నీళ్ళు ఎక్కాల్సిన ఎత్తుకి కనీసం రెట్టింపు గరిష్ఠ ఎత్తున్న పంపు తీసుకోండి.

పన్నెండు బక్కెట్లకి లెక్క వేద్దాం. ఒక్కో తడికి కోకోపీట్ పరిమాణంలో మూడు నుంచి ఐదు శాతం ఇవ్వాలి, అంటే పది లీటర్ల బక్కెట్టుకి కనీసం 300 మిల్లీలీటర్లు. పన్నెండుకి 3.6 లీటర్లు. రెండు నిమిషాల్లో ఇవ్వాలంటే నిమిషానికి 1.8 లీటర్లు చాలు, చిన్న పంపే. 16 మిల్లీమీటర్ల ప్రధాన గొట్టాన్ని చివర మూసేయకుండా చుట్టూ తిప్పి మళ్ళీ మొదటికే కలపండి, ఒత్తిడి సమంగా ఉంటుంది. బక్కెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఇంత చిన్న ఒత్తిడిలో ఒక ఇటుక ఎత్తు తేడా కూడా నీటిలో కనిపిస్తుంది. బిగించాక ప్రతి గొట్టం కింద ఒక నీళ్ళ సీసా పెట్టి, ఒక నిమిషం నడిపి కొలవండి. పదో వంతు కంటే తేడా ఉన్నచోట గొట్టం కత్తిరించో ఎత్తు మార్చో సరిచేయండి. మొక్కలు పెట్టక ముందే చేయాల్సిన పని ఇది. పంపు తర్వాత 120 మెష్ (అంగుళానికి 120 కన్నాల జల్లెడ) ఫిల్టరు ఒకటి తప్పనిసరి. పంపుకి తగిలించి వచ్చే స్పాంజి నెల తిరక్కుండానే జిగురు పట్టి నీటిని ఆపేస్తుంది.

సైఫన్ సంగతి చాలామందికి నేల తడిశాకే తెలుస్తుంది. ట్యాంకులో నీటి మట్టం గొట్టాల చివరల కంటే ఎత్తులో ఉంటే, టైమరు మోటారు ఆపినా నీళ్ళు ఆగవు, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా పారుతూనే ఉంటాయి. ట్యాంకు కింద, బక్కెట్లు పైన ఉండాలి. కుదరకపోతే ట్యాంకు లోపలే, నీటి మట్టానికి పైన ఉండే గొట్టం భాగంలో 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయండి. మోటారు తిరిగేటప్పుడు కొంచెం నీళ్ళు చిమ్మి ట్యాంకులోనే పడతాయి, ఆగగానే గాలి లాక్కుని సైఫన్ తెగుతుంది.

పై ట్యాంకుకి బిగించే బ్యాటరీ కుళాయి టైమర్లలో రెండు జాతులున్నాయి. సొలెనాయిడ్ వాల్వు (విద్యుదయస్కాంతంతో తెరుచుకునేది) ఉన్నవి తెరుచుకోవాలంటే కొంత ఒత్తిడి ఉండాలి, రెండు మీటర్ల ఎత్తులోని డ్రమ్ముకి చాలావరకు పనిచేయవు. బాల్ వాల్వుని చిన్న మోటారు తిప్పే రకానికి ఒత్తిడి అక్కర్లేదు. అయితే అది తెరిచి ఉన్న సమయంలో బ్యాటరీ చచ్చిపోతే తెరిచే ఉండిపోతుంది. ఊరెళ్ళే ముందు బ్యాటరీలు మార్చడం మరవకూడదు.

టైమరు

పిన్నులు నొక్కే గుండ్రటి మెకానికల్ టైమరు చవక, దీనికి పనికిరాదు. దాని కనిష్ఠ గడువు 15 నిమిషాలు. పై లెక్కలో 15 నిమిషాలంటే 27 లీటర్లు! పైగా కరెంటు పోయినప్పుడల్లా దాని గడియారం ఆగుతుంది. రోజుకి 40 నిమిషాల కోత ఉంటే వారానికి నాలుగు గంటల 40 నిమిషాలు వెనకబడుతుంది. ఉదయం ఎనిమిదింటి తడి మిట్టమధ్యాహ్నం తర్వాత పడుతుంది. లోపల బ్యాటరీ ఉండి, నిమిషాల్లోనో సెకన్లలోనో పెట్టుకునే డిజిటల్ టైమరు కావాలి. స్మార్ట్ ప్లగ్గు వాడేవాళ్ళు రెండు సెట్టింగులు చూసుకోవాలి: కరెంటు తిరిగొచ్చాక ‘ఆఫ్’లోనే ఉండాలి, ‘ఆన్’ అయిన రెండు నిమిషాలకి ప్లగ్గే సొంతంగా ఆపుకునే కౌంట్‌డౌన్ ఉండాలి. ఆపమనే ఆదేశం ఇంటర్నెట్ నుంచి రావాలంటే, వైఫై పోయిన రోజున ట్యాంకూ పోతుంది.

రోజుకి ఎనిమిది తడులు, ఒక్కోటి రెండు నిమిషాలు అంటే మోటారు తిరిగేది మొత్తం 16 నిమిషాలు. 15 వాట్ల పంపు రోజుకి 4 వాట్-అవర్లు తింటుంది. అదే పంపు ఎన్‌ఎఫ్‌టీలో రోజంతా తిరిగితే 360. అందుకే కోకోపీట్ డ్రిప్‌కి ఇన్వర్టరు గొడవ లేదు. 12 వోల్టుల పంపు, 12 వోల్టుల టైమరు పెట్టి, వైఫై రూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ తగిలిస్తే మామూలు కోతలు దాటిపోతాయి. బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో ఈ మూడూ దొరుకుతాయి. యూపీఎస్ ఇచ్చే ఆంపియర్లు పంపు మొదలయ్యేటప్పుడు లాగేదానికి సరిపోతాయో లేదో అక్కడే కలిపి చూపించమనండి. 12 వోల్టులకి ఇంకో కారణం ప్రాణభయం. 230 వోల్టుల సబ్‌మెర్సిబుల్ పంపు సీలు పోతే ట్యాంకు నీటిలోకే కరెంటు. అదే వాడక తప్పకపోతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంపే స్విచ్చు) ఉండాలి, ప్లగ్గు పీకకుండా చెయ్యి ముంచకూడదు.

మొదటి తడి సూర్యోదయమైన గంట, రెండు గంటలకి. చివరిది సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు. మధ్యలో మిగతావి, పదకొండుకీ మూడుకీ నడుమ దగ్గర దగ్గరగా. రాత్రి తడి వద్దు, వేళ్ళకి గాలి కావాలి. పోసిన నీటిలో పది నుంచి ఇరవై శాతం అడుగునుంచి బయటికి రావాలి. అసలు రాకపోతే ఉప్పు పేరుకుంటోంది, సగం వచ్చేస్తుంటే తడులు ఎక్కువయ్యాయి. వారానికోసారి ఆ మిగులు నీటి ఈసీ కొలిచి, పోసిన నీటి ఈసీతో పోల్చండి. ఒకటి కంటే ఎక్కువ తేడా ఉంటే పల్చటి ఎరువు నీళ్ళతో బక్కెట్లు కడగాలి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో తడులు సగానికి తగ్గించి, బక్కెట్ల మీద ప్లాస్టిక్ మూతలు వేయండి. టైమరుకి వాన సంగతి తెలియదు కదా.

ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద ఇంగ్లిష్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం విదేశాల్లో గంజాయి పెంచుకునేవాళ్ళ కోసం రాసినవే. ఇక్కడ ఆ మొక్క పెంచడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 20వ సెక్షన్ కింద నేరం, పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. సలహాల్లోని లెక్కలు కూడా మనకి అతకవు. అవి మూసిన టెంటు, రోజుకి 18 గంటల లైటు, ఒకే ఉష్ణోగ్రత మీద కట్టినవి. గాలి, ఎండ పూటకోలా మారే డాబాకి ఆ షెడ్యూలు యథాతథంగా దించుకుంటే మధ్యాహ్నం చాలదు, రాత్రి ఎక్కువవుతుంది.

ఎరువు నీళ్ళు, గొట్టాలు మూసుకుపోవడం

ఎరువుల దుకాణంలో దొరికే సరుకుతోనే టమాటాకి 100 లీటర్ల కొలత: కాల్షియం నైట్రేట్ 80 గ్రాములు, 13-0-45 అనే పొటాషియం నైట్రేట్ 40, 0-52-34 అనే మోనో పొటాషియం ఫాస్ఫేట్ 20, మెగ్నీషియం సల్ఫేట్ 40, ఐరన్ ఈడీటీఏ 2 గ్రాములు, మిగతా సూక్ష్మపోషకాల మిశ్రమం ప్యాకెట్టు మీద రాసినంత. మంచి నీటిలో దీని ఈసీ 1.8, 2.0 మధ్య వస్తుంది. ఆకుకూరలకి సగం చాలు. పీహెచ్ 5.5 నుంచి 6.5. ఆపైన ఐరన్ ఈడీటీఏ నిలవదు, లేత ఆకులు ఈనెలు తప్ప పసుపెక్కుతాయి. టీడీఎస్ పెన్ను వాడేవాళ్ళు ఒకటి గమనించాలి: ఈసీ 1.0 ని కొన్ని పెన్నులు 500 అని, కొన్ని 700 అని చూపిస్తాయి. ఎవరి లెక్కనైనా తీసుకునే ముందు వాళ్ళ పెన్ను ఏదో అడగండి.

కాల్షియం నైట్రేట్‌ని చిక్కగా ఉండగా మిగతావాటితో కలపకూడదు. సల్ఫేటుతో జిప్సమ్, ఫాస్ఫేటుతో కాల్షియం ఫాస్ఫేట్ అయి తెల్లటి మడ్డిగా అడుగున కూర్చుంటుంది. మొక్కకి తిండీ పోతుంది, గొట్టాలూ మూసుకుంటాయి. ట్యాంకు ముప్పాతిక వంతు నీళ్ళతో నింపి, కాల్షియం నైట్రేట్ వేరే బక్కెట్లో కరిగించి పోసి బాగా కలిపాక, మిగతావి ఇంకో బక్కెట్లో కరిగించి పోయాలి. గొట్టాల చివర తెల్లటి పెచ్చు కడితే సిట్రిక్ ఆసిడ్ నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి కడిగితే పోతుంది. ఆకుపచ్చగా ఉంటే అది పాచి, వెలుతురు పడుతోందన్నమాట. నల్ల గొట్టమే వాడి, దాని మీద తెల్ల గుడ్డో తెల్ల రంగో వేయండి. లేకపోతే మధ్యాహ్నం మొదటి గుక్క మరుగు నీళ్ళే.

బోరు నీటిలో పీహెచ్ ఇవాళ దించితే రేపటికి మళ్ళీ ఎక్కుతుంది, అందులోని బైకార్బొనేట్ పూర్తిగా పోలేదు కాబట్టి. ఫాస్ఫారిక్ ఆసిడ్ కొద్దికొద్దిగా పోసి, పావుగంట ఆగి కొలవాలి. ఆసిడ్‌ని నీటిలో పోయాలి, నీటిని ఆసిడ్‌లో పోయకూడదు. నిమ్మరసం, వెనిగర్ ఒక పూట పని.

కొత్త కోకోపీట్‌లో పొటాషియం, సోడియం అంటుకుని ఉంటాయి. కడగకుండా వాడితే అది మనం వేసిన కాల్షియాన్ని లాక్కుని వాటిని వదులుతుంది, టమాటా అడుగు నల్లబడుతుంది. ఈసీ 0.5 కి దిగేదాకా కడిగి, పది లీటర్లకి 40 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఒక రాత్రి నానబెట్టి, మళ్ళీ ఒకసారి కడగండి.

పీహెచ్, ఈసీ చూసి తనే మందు కలిపే కంట్రోలరు పన్నెండు బక్కెట్ల ఇంటికి అనవసరం. పీహెచ్ ప్రోబుని నెలకోసారి పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో సరిచూడాలి, ఎండనివ్వకుండా పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి, ఏడాది రెండేళ్ళకి మార్చాలి. ఈ సేవ చేసే ఓపికున్న మనిషికి చేత్తో ఆసిడ్ పోయడం ఏపాటి? ప్రోబు తప్పు చూపిస్తే మాత్రం యంత్రం ఒక్క రాత్రిలో ట్యాంకంతా ఆసిడ్ చేస్తుంది. ఆ డబ్బుతో పెద్ద ట్యాంకు కొనండి.

ట్యాంకు సైజు తేల్చేది మీరు ఊళ్ళో లేని రోజులు. పన్నెండు టమాటాలకి ఎండాకాలం రోజుకి 29 లీటర్లు, ఐదు రోజులకి 145. అడుగున పంపు మునగడానికి ఇంకో 15 వదలాలి. అంటే 200 లీటర్ల డ్రమ్ము. సంక్రాంతికి వెళ్ళేవాళ్ళకి జనవరిలో ఇందులో సగమే ఖర్చు, పది రోజులు వస్తుంది. నిండు డ్రమ్ము 200 కిలోలు, దాన్ని శ్లాబు నడుమ పెట్టకుండా గోడ మీదుగానో బీము మీదుగానో పెట్టండి. మూత బిగుతుగా, గాలి బెజ్జానికి దోమల వల. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి శుభ్రమైన నీటిలోనే. అడుగున ఒక ఫ్లోటు స్విచ్చు పెడితే నీళ్ళు అయిపోయాక పంపు వట్టిగా తిరిగి కాలిపోదు.

ప్రయాణానికి వారం ముందు, ఆదివారం పూట ఒక పరీక్ష చేయండి. ట్యాంకు నింపి, మధ్యాహ్నం ఒక తడి నడుస్తుండగా మెయిన్ ఆపేసి, పావుగంట తర్వాత వేయండి. టైమరు గంట సరిగ్గా చూపిస్తోందా, మోటారు ఆగే ఉందా, గొట్టాల చివర నీళ్ళు ఆగాయా చూడండి. సాయంత్రం ట్యాంకు మట్టం కొలిచి, లెక్క ప్రకారం తగ్గాల్సిన లీటర్లతో సరిపోల్చండి. రెండు లీటర్లు ఎక్కువ పోయాయంటే ఎక్కడో ఒక గొట్టం ఊడింది, వెతికి బిగించాకే టికెట్టు సంగతి.